గోపాలుడికి ఏ సబ్బు?

మా ఆయన రైల్వే వర్క్‌షాపులో పనిచేసినన్నాళ్లూ ఇంట్లో ఒక్క చెంచా కూడా తోమి ఎరుగరు. పగలంతా అక్కడ ఇత్తడీ ఉక్కూ రుద్ది, సాయంత్రం సైకిల్ దిగేసరికి గోళ్ల కింద నల్లటి జిడ్డు పేరుకుని ఉండేది. ఆ చేతులు నా వంటింటి గిన్నెల మీద పడడం నాకూ ఇష్టం లేదు. కాబట్టి ఎవరూ కూర్చుని మాట్లాడుకోకుండానే మా మధ్య పంపకాలు జరిగిపోయాయి. రైల్వేవారి లోహాలు ఆయనవి, ఇంటి లోహాలు నావి.

రిటైరయ్యాక ఆ పంపకం రద్దయింది. రద్దు చేసింది ఆయనే, నన్ను అడగకుండా.

రైల్వే క్వార్టర్ ఖాళీ చేసి, అదే బెంగాలీ ఊళ్లో సుభాష్‌పల్లిలో కట్టుకున్న చిన్న ఇంటికి వచ్చేశాం. నాకింకా సర్వీసు ఉంది. పొద్దున్నే న్యూ సెటిల్‌మెంట్‌లోని తెలుగు బడికి వెళ్లిపోతాను. అబ్బాయి ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లిపోయాడు, ఆయనకు చేయడానికేమీ లేదు. మొదట్లో వర్క్‌షాపు సైరన్ వినబడగానే లేచి చొక్కా వేసుకునేవారు. అప్పుడు గుర్తొచ్చేది. వేసుకున్న చొక్కా విప్పడం ఎందుకని వెళ్లి కూరగాయలు తెచ్చేవారు. ఒక్కో వంకాయనూ ఇంజన్ సామాను పరీక్షించినట్టు వెలుతురుకు తిప్పి తిప్పి చూసి తెచ్చేవారు. అయినా అందులో పుచ్చులు ఉండేవి.

ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి వెనక వసారాలో బల్ల మీద ఒక మోటారు బిగించి ఉంది. దాని చివర గుడ్డ పొరలు దగ్గరదగ్గరగా కుట్టి చేసిన గుండ్రటి చక్రం ఒకటి.

"ఏటండీ ఇది?" అన్నాను.

"బఫ్ మోటారే, పాలిష్ పట్టేది. గోల్‌బజార్ల పాత సామాన్ల కొట్టు కాడ దొరికినాది."

"దేనికి?"

"మనింట్ల ఇత్తడి ఉన్నాదా, నేదా?"

"ఉంది. చింతపండు కూడా ఉంది."

"చింతపండు!" అన్నారు, ఎవరో ఆయన వంశాన్ని తిట్టినట్టు. "చింతపండు పులుసులోకి. పాలిష్‌కి సబ్బులు వేరే ఉన్నాయి."

కాగితం పొట్లం విప్పి మూడు సబ్బులు వరుసగా పెట్టారు. ఒకటి గోధుమరంగు, ఒకటి ఆకుపచ్చ, ఒకటి ఎరుపు. ఆ ఆకుపచ్చదాన్ని నేను మర్నాడు బట్టలసబ్బు అనుకుని బాత్రూంలో పెట్టిన మాట నిజమే. దాంతో జుబ్బా ఉతక్కముందే ఆయన చూశారు కాబట్టి సరిపోయింది. కానీ ఆ పొరపాటుకు ప్రతిగా నాకు పాఠం మొదలైంది. ముప్పై మంది పిల్లలకు రోజంతా పాఠం చెప్పి వచ్చిన మనిషిని వసారాలో పీట మీద కూర్చోబెట్టి చెప్పారు.

"గోధుమరంగుది కోస్తాది. గీతలు, మచ్చలు, చిలుము, ఏటున్నా కోసి సదును సేసెత్తాది. ఆకుపచ్చది స్టీలుకి. గట్టి లోహానికి గట్టి సబ్బు. ఎర్రది దేన్నీ కొయ్యదు. మెరుపు తెత్తాది, అంతే. ముందు కోసేది, తరవాత మెరిపించేది. అర్థమైనాదా?"

"అన్నిటికీ ఒకటే వాడితే?"

"అన్ని కూరల్లోనూ ఒకటే పొడి యేస్తావా నువ్వు?"

వేస్తాను, ఆదివారాలు. కానీ అది చెప్పలేదు.

సబ్బుకొక చక్రం ఉండాలట. గోధుమ సబ్బు రేణువు ఒక్కటి ఎర్ర చక్రానికి అంటినా మెరిసే చోటల్లా గీతలు పడతాయట. అందుకని చక్రాలకు రంగు చుక్కలు పెట్టి, గోడకు దూరదూరంగా మేకులు కొట్టి తగిలించారు. ఎర్ర చక్రాన్ని ఎవరూ తాకరాదు. తాకాలంటే చేతులు కడుక్కుని రావాలి. మా అత్తగారు బతికున్నన్నాళ్లూ ఎంత మొత్తుకున్నా మడి అనే మాట ఈయన చెవికెక్కలేదు. ఆవిడ పోయిన ఇన్నేళ్లకు, ఆ మడి వచ్చి గుడ్డ చక్రం మీద తేలింది.

ఆయన అక్కగారు, మా వదిన, న్యూ సెటిల్‌మెంట్‌లో కొడుకు క్వార్టర్లో ఉంటుంది. ఆవిడది చింతపండు పార్టీ. తమ్ముడి మోటారు కథ విని, ఆదివారంనాడు ఒక పెద్ద హారతి పళ్లెం చంకన పెట్టుకుని ఆటో దిగింది.

"ఒరే తమ్ముడా, పందెం. సగం నాను తోమతాను, సగం నువ్వు మిషన్ మీద తోము. ఎవుల్ది బాగుంటాదో మరదలు సెప్తాది."

తీర్పరిగా నన్ను ఎన్నుకోవడంలో వదిన తెలివి ఉంది. నేను ఎవరి పక్షం చెప్పినా రెండో వారితో కాపురం చేయాలి, లేదా పండగలు చేసుకోవాలి.

పళ్లెం మధ్యన సుద్దతో గీత గీశారు. వదిన తన సగాన్ని చింతపండు, ఉప్పు పెట్టి, బూడిదతో రుద్ది కడిగింది. బాగానే ఉంది, కాస్త రాగి ఎరుపు తేలింది. ఈయన మోటారు ఆన్ చేసి, తిరుగుతున్న చక్రానికి గోధుమ సబ్బు తాకీ తాకనట్టు తాకించి, పళ్లెం అంచు ఆనించారు. నల్లటి మడ్డి ఒకటి పైకి తేలి, దాని కింద నుంచి పసుపుపచ్చటి వెలుగు బయటపడింది. తర్వాత చక్రం మార్చి ఎర్ర సబ్బు. ఇప్పుడది ఇత్తడిలా లేదు, నీళ్లలా ఉంది. వదిన వంగి అందులోకి చూసుకుంది.

"నా సగమే నయం," అంది లేచి.

"ఎలగ?" అన్నారు ఈయన, కోపంగా.

"నీ సగంల నా మొకం మీద ముడతలన్నీ అవుపిస్తన్నాయిరా. పొద్దున్నే దేవుడికి హారతిచ్చినప్పుడు ఇదంతా నాకు సూపించాలేటి?"

ఆ మాటకు నాకు నవ్వు ఆగలేదు. ఆయనకు పౌరుషం వచ్చింది. వదిన సగాన్ని కూడా అద్దం చేసి చూపిస్తానని పళ్లెం తిప్పి పట్టుకున్నారు. పల్చటి అంచును చక్రానికి ఎదురు పెట్టకూడదని మాకు ఎన్నోసార్లు చెప్పిన మనిషే ఆ తొందరలో ఎదురు పెట్టారు. చక్రం పళ్లేన్ని లాక్కుంది. మరు క్షణంలో ఆయన చేతులు ఖాళీగా ఉన్నాయి. పళ్లెం గోడ మీదుగా గిరగిరా తిరుగుతూ పక్కింట్లోకి వెళ్లిపోయింది. అటువైపు నుంచి పూలకుండీ పగిలిన చప్పుడు, దాని వెంటే "ఓ మా!" అని ఒక కేక.

పక్కింట్లో ఉండేది ఒక బెంగాలీ ముసలావిడ. మేమంతా మాషీమా, అంటే పిన్నిగారూ, అంటాం. భర్త పోయాడు. ఒక్కర్తే ఉంటుంది. ఒకప్పుడు రైల్వే క్వార్టర్లలో చుట్టూ తెలుగువాళ్ల మధ్యే కాపురం చేసింది కాబట్టి మా భాష మాలాగే మాట్లాడుతుంది, మధ్యమధ్య తనదీ కలుపుతుంది. ఆయన్ను బాబా, అంటే నాయనా, అని, నన్ను బౌమా, అంటే కోడలా, అని పిలుస్తుంది. ఆ రోజు మేము గోడ దగ్గరికి పరిగెత్తేలోపే ఆవిడ పళ్లెం పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చేసింది. మా ఆయన క్షమాపణ మొదలుపెట్టారు. ఆవిడ వినడం లేదు. పళ్లెంలో మెరిసే సగంలోకి చూస్తోంది.

"బాబా, ఇది నువ్వు సేసినావా?"

"అవును మాషీమా. కుండీ కొత్తది తెచ్చిస్తాను..."

"కుండీ ఒగ్గెయ్. నా గోపాల్‌ని ఇలగ సెయ్యగలవా? జన్మాష్టమి వస్తున్నాది."

"ఓస్, అదెంత!" అన్నారు ఈయన. వదిన ముందు పోయిన పరువు అంత తొందరగా తిరిగొస్తుందని ఆయన అనుకోలేదు. "తెచ్చియ్యండి. సాయంత్రానికి అద్దం సేసిచ్చెత్తాను."

గోపాల్ అంటే పాకే బాలకృష్ణుడు. ఇత్తడి విగ్రహం, అరచేతిలో పడుతుంది. ఒక చేత్తో నేలను ఆనుకుని, ఇంకో చేత్తో వెన్నముద్ద పట్టుకుని, తలెత్తి చూస్తుంటాడు. మాషీమాకు వాళ్ల అత్తగారు ఇచ్చింది. ఆవిడకు విగ్రహం కాదు, చంటిపిల్లాడే. పొద్దున్నే స్నానం చేయిస్తుంది, చొక్కా తొడుగుతుంది, అన్నం పెడుతుంది, మధ్యాహ్నం పడుకోబెట్టి చిన్న దోమతెర కడుతుంది. అన్నిటికన్నా ఎక్కువగా తిడుతుంది. అన్నం చల్లారిపోతోందని, చొక్కా మాపుకున్నాడని, నిన్నటి మిఠాయి ఏమైందని. గోడ అవతల నుంచి ఆ తిట్లు మాకు రోజూ వినబడేవి. కొత్తలో ఆ ఇంట్లో నిజంగా మనవడెవరో ఉన్నాడనుకున్నాను.

సాయంత్రం ఈయన కళ్లద్దాలు పెట్టుకుని గోపాలుణ్ణి చేతిలోకి తీసుకున్నారు. తిప్పి చూశారు. మళ్లీ తిప్పి చూశారు. మోటారు ఆన్ చేయడానికి వెళ్లిన చెయ్యి వెనక్కి వచ్చింది.

"ఏటైంది?" అన్నాను.

"ముక్కు సూడు."

ముక్కు దాదాపు లేదు. ఎన్ని తరాల ఆడవాళ్లు స్నానాలు చేయించి తుడిచారో, మొహమంతా అరిగి బంతిలా నున్నగా అయిపోయింది. పెదవుల చోట వెంట్రుకంత గీత. కళ్ల చోట రెండు పలచటి గుంటలు. వాటిలో నూనె, పాలు, గంధం కలిసి నల్లగా గట్టిపడి ఉన్నాయి.

"గోధుమ సబ్బు ఒక్కసారి తగిలిందా, ఈ గుంటడికి ఇంక ముక్కుండదు," అన్నారు ఆయన. అంత మెల్లగా ఆయన మాట్లాడడం నేను చాలా రోజులకు విన్నాను.

సాయంత్రానికి ఇచ్చేస్తానన్న మనిషి మర్నాడు కూడా ఇవ్వలేదు. ఆ మర్నాడూ ఇవ్వలేదు. మాషీమాకు తొందర లేదు, కానీ పిల్లాడికి ఆకలేస్తుంది కదా. అందుకని ఆవిడే మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. పొద్దున్నే పాలు, పటికబెల్లం. మధ్యాహ్నం అన్నం, పప్పు. తినిపించాక మా వసారాలోనే, సబ్బుల పక్కన, దోమతెర కట్టి పడుకోబెట్టేది. వెళ్తూ వెళ్తూ మా ఆయనతో అనేది:

"బాబా, మోటార్ బంద్. గోపాల్ నిద్రపోతున్నాడు."

ఉద్యోగమంతా సైరన్‌కు తప్ప ఎవరికీ లొంగని మనిషి, ఇత్తడి పిల్లాడు లేచేదాకా తన వసారాలో తను మునివేళ్ల మీద నడిచేవారు. నేను బడి నుంచి వచ్చి గేటు గట్టిగా వేస్తే "ష్" అనేవారు.

"మీరు నిజంగానే అంటున్నారా?" అన్నాను ఒకసారి.

"ముసల్ది గోడవతల నుంచి వింటాదే," అన్నారు. కానీ ఆయన కళ్లు దోమతెర వైపే ఉన్నాయి.

ఏ సబ్బు పెట్టాలన్నది తేలలేదు. ముందు కుంకుడు పులుసుతో గోరువెచ్చటి నీళ్లలో కడిగితే పైజిడ్డు పోయింది. తర్వాత ఎర్ర సబ్బును చాకుతో గీకి, ఆ పొడిలో నువ్వులనూనె చుక్క కలిపి, పాత పంచె గుడ్డకు రాసి, విగ్రహం అడుగున ఎవరికీ కనబడని చోట రుద్ది చూశారు. మెల్లగా మెరుపు వచ్చింది.

"ముందు కోసేది, తరవాత మెరిపించేది అని కదా నాకు చెప్పారు?" అన్నాను. పాఠం అప్పజెప్పడం నాకు అలవాటే.

"అది మిషన్ సామానుకి. ఈడికి తిరగేసి సెయ్యాలి. మెత్తందాంతో మొదలెట్టాల. సాలకపోతే అప్పుడు గట్టిదాని కాడికెల్లాల. ఒకసారి కోసేసినాక మళ్లీ అతికించలేవు కదా."

విగ్రహం కింది పీట చదునుగా, మందంగా ఉంది కాబట్టి దానికి మాత్రం కాస్త గోధుమ సబ్బు పెట్టారు. ఒంటికీ మొహానికీ ఎర్ర సబ్బే. చక్రం అసలు లేదు. బొటనవేలికి గుడ్డ చుట్టుకుని రుద్దేవారు. వేళ్ల సందుల్లో, మెడ ముడతలో, చీపురుపుల్లకు దూది చుట్టి రుద్దేవారు. గోపాలుడు మేలుకుని ఉన్నప్పుడే పని, కాబట్టి రోజులు పట్టింది. మధ్యలో వదిన వచ్చి చూసింది. తమ్ముడు పసిపిల్లాడికి నలుగు పెడుతున్నట్టు ఒళ్లో గుడ్డ పరుచుకుని కూర్చుని ఉంటే, "నీ కొడుక్కి ఒక్కరోజైనా ఇలగ తానం సేయించినావేట్రా?" అంది. ఆయన ఇంకో చీపురుపుల్లకు దూది చుట్టుకున్నారు.

జన్మాష్టమి ముందురోజు సాయంత్రం పని పూర్తయింది. నిజం చెప్పాలంటే అంత అందంగా మెరిసే ఇత్తడిని నేను అంతకుముందు చూడలేదు. ఒక్క గీత లేదు, ఒక్క మచ్చ లేదు. ఆయన చొక్కా మార్చుకుని, తల దువ్వుకుని, మాషీమాను పిలిచారు.

ఆవిడ రెండు చేతులతో అందుకుంది. దగ్గరగా పెట్టుకుని చూసింది. కిటికీ దగ్గరికి వెళ్లి చూసింది.

"బాగా సేసినావు బాబా," అంది చివరికి. "సోనా లాగ ఉన్నాడు."

మా ఆయన మొహం వెలిగింది. ఆవిడ ఇంకా వెతుకుతూనే ఉంది.

"నా గోపాల్ ఏడీ?" అంది.

"అదే మాషీమా, మీ సేతుల ఉన్నాది."

"ఈడు కాదు. ఈడు ఎవులి బిడ్డో."

నేను వెళ్లి చూశాను. ఆవిడ అన్నది నిజమే. మొహం బంగారు గుండులా ఉంది. మా కిటికీ, మా బల్బు, మా ముగ్గురి తలలు అందులో కనబడుతున్నాయి గానీ కళ్లు కనబడడం లేదు. నవ్వు లేదు. ఇన్నాళ్లూ ఆ గీతల్లో పేరుకున్న నలుపే వాడి కళ్లు, ఆ నలుపే వాడి నవ్వు. అరిగిన గీతలకు ఉన్న ఆధారం అదొక్కటే. దాన్ని ఈయన చీపురుపుల్లకు దూది చుట్టి మరీ శుభ్రం చేశారు.

మాషీమా కోప్పడలేదు. పిల్లాణ్ణి కొంగులో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం గోడ అవతల గిన్నె పెట్టిన చప్పుడు, గంట చప్పుడు వినబడ్డాయి. తిట్లు మాత్రం వినబడలేదు. అన్నం తినమని గానీ, దొంగా అని గానీ ఒక్క మాట లేదు. ముక్కూ మొహం తెలియని పిల్లాణ్ణి ఎవరైనా ఏమని తిడతారు?

మా ఆయన కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నారు.

"గుంటడి మొకం నాను తినీసినానే," అన్నారు.

"తినలేదు. ముక్కు ఉంది, నేను చూశాను. కళ్లూ ఉన్నాయి. కనబడడం లేదంతే."

"కనబడకపోతే ఉన్నా ఒకటే, నేకపోయినా ఒకటే."

ఎగతాళి చేయడానికి బోలెడు అవకాశం ఉన్న రోజే. నేను మాత్రం ఆయన కంచంలో ఇంకాస్త పెరుగు వేశాను.

మర్నాడు బడిలో పిల్లలకు కృష్ణవేషాలు. ఒకటో తరగతి గుంటడికి వాళ్లమ్మ మొహం నిండా ఎంత పౌడరు కొట్టి పంపిందంటే, పూరీకి కలిపిన పిండిముద్దలా ఉన్నాడు. కళ్లెక్కడో, నోరెక్కడో తెలియడం లేదు. వాణ్ణి బల్ల మీద నిలబెట్టి, కాటుక తీసి కళ్లకు దిద్దాను, కనుబొమలు గీశాను. ఒక్కసారిగా పిండిముద్దలోంచి కొంటెకృష్ణుడు నా వైపు చూశాడు. కాటుక డబ్బా చేతిలో పట్టుకుని నేను అలాగే నిలబడిపోయాను. కార్యక్రమం అయీ అవగానే ఆటో ఎక్కాను.

"కాటుక," అన్నాను ఇంట్లో అడుగు పెడుతూనే. "గీతల్లో కాటుక నింపి, పైది తుడిచేస్తే?"

"పాలిష్ సేసిన ఇత్తడికి మసి పూయడవేటే?" అన్నారు ఈయన. ఉద్యోగమంతా చేసినదాని మీదే ఎవరో మసి పూసినట్టు బాధపడ్డారు. కళ్లద్దాలు తీసి గుడ్డతో తుడుచుకున్నారు. తర్వాత, ఎవరూ ఏమీ చెప్పనట్టు, "వర్క్‌షాపుల ఇత్తడి పలకల మీద అచ్చరాలుంటాయి కదా, పాలిష్ అయినాక ఆటిల నల్లరంగు యేసి తుడిసేటోలం. అలగ సేస్తే ఎలగుంటాదంటావు?" అన్నారు.

"చాలా మంచి ఆలోచనండీ," అన్నాను. "మీకెలా తట్టింది?"

ఆయన నా వైపు అనుమానంగా చూశారు గానీ లేచారు.

మాషీమా ఇంటికి వెళ్లి విషయం చెప్పాం. ఆవిడ నా కాటుక డబ్బా చూసి చెయ్యి అడ్డంగా ఊపింది. బజారు కాటుక పిల్లాడి కళ్లకు మంచిది కాదట. నేతిదీపం వెలిగించి, దాని మీద గరిటె బోర్లించి పట్టింది. పట్టిన మసిని వేలితో తీసి, నెయ్యి చుక్క కలిపింది. చీపురుపుల్ల ఒకటి విరిచి నాకిచ్చింది. కళ్ల గుంటల్లో, పెదవుల గీతలో, ముంగురుల మధ్య నేను నింపాను. నింపాక చూస్తే గోపాలుడు బొగ్గుల బస్తాలోంచి పాకి వచ్చినట్టున్నాడు. మాషీమా కళ్లు మూసుకుంది.

"ఇప్పుడు మీ పని," అని ఆయనకిచ్చాను.

ఆయన బొటనవేలికి శుభ్రమైన గుడ్డ బిగుతుగా చుట్టి, ఊపిరి బిగబట్టి, నుదుటి మీద నుంచి మెల్లగా ఒకసారి తుడిచారు. బుగ్గ తుడిచారు. ఎత్తుగా ఉన్నచోట మెరుపు తిరిగొచ్చింది, లోతుగా ఉన్నచోట నలుపు నిలిచిపోయింది. ముందు ఒక కన్ను వచ్చింది. తర్వాత ముక్కు పక్కన నీడ. గడ్డం తుడవగానే, వెంట్రుకంత గీత కాస్త పైకి వంగి, నవ్వు వచ్చేసింది.

"కళ్లు తెరవండి మాషీమా," అన్నాను.

ఆవిడ తెరిచింది. పిల్లాణ్ణి ఆయన చేతిలోంచి లాక్కుంది. తర్వాత మొదలుపెట్టింది.

"దుష్టు! అల్లరోడా! ఎక్కడికెల్లినావురా? నిన్న పిల్చినాను, పలికినావా? అన్నం పెడితే ఆ మొహం ఏటి? ముసిల్దాన్ని ఏడిపించడానికి నీకు సిగ్గు నేదూ..."

తెలుగు అయిపోయి బెంగాలీ వచ్చింది. అది కూడా అయిపోయి మళ్లీ తెలుగు వచ్చింది. తిడుతూనే మిగిలిన మసి వేలికి తీసుకుని వాడి బుగ్గన దిష్టిచుక్క పెట్టింది. అదే వేలితో మా ఆయన చెవి వెనక కూడా ఒకటి పెట్టింది. రిటైరైన ఫిట్టరు తల వంచి పెట్టించుకున్నారు.

ఆ సాయంత్రం ఆవిడ తాటిపండు గుజ్జుతో చేసిన గారెలు పంపింది. తింటూ మా ఆయన నాకు ఇంకో పాఠం చెప్పారు. పాలిష్ అంటే మెరిపించడం ఒక్కటే కాదని, ఎక్కడ ఆపాలో కూడా తెలియాలని, సబ్బులన్నిట్లోకీ చివరి సబ్బు మసి అని. అది తనకు ముందు నుంచీ తెలిసినట్టే చెప్పారు. గారెలు బాగున్నాయి కాబట్టి నేను అడ్డు చెప్పలేదు.

మరుసటి ఏడు జన్మాష్టమికి ముందు మాషీమా మళ్లీ గోపాలుణ్ణి తెచ్చింది. ఈసారి మెడ నుంచి తల దాకా గుడ్డ చుట్టి, దారంతో గట్టిగా ముడివేసి తెచ్చింది.

"ఒల్లు నువ్వు సెయ్యి బాబా," అంది. "మొహం జోలికి పోకు. అది నాను తుడుసుకుంటాను."

"ఠీక్ హై మాషీమా," అన్నారు ఆయన, చాలా వినయంగా, ఎర్ర సబ్బు అందుకుంటూ.